తంగేడు

తంగేడు దక్షిణ భారతదేశపు మెట్ట నేలల్లోనూ శ్రీలంకలోనూ సహజంగా పెరిగే పూల పొద. చిక్కుడు కుటుంబానికి చెందింది. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. రాళ్ల గుట్టల మీద, బాట పక్కన, చెరువు కట్టల మీద, బీడు పడిన చేలలో ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. ఎవరూ నీళ్లు పోయకుండానే బతికి, వానలు పడ్డాక గుట్ట గుట్టంతా పసుపు ముద్దలా పూస్తుంది. కర్నూలు, కడప, నంద్యాల, అనంతపురం జిల్లాల్లో బస్సు కిటికీలోంచి చూసిన ప్రతివారికీ ఈ పువ్వు తెలుసు. తోలు పరిశ్రమకు చెక్కగా, పొలానికి పచ్చిరొట్టగా, పల్లె నోటికి పళ్లపుల్లగా, బతుకమ్మకు పువ్వుగా తెలుగువారి జీవితంలో తంగేడు చేయని పని తక్కువ. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. రాయలసీమలో దీనికి అలాంటి హోదా ఏదీ లేదు. అయినా ఇక్కడి ఎర్రటి, రాతి నేలల స్వభావాన్ని ఇంతగా ఒంటపట్టించుకున్న పువ్వు ఇంకొకటి కనిపించదు.

పేర్లు, నుడికారం

నేరేడు, మారేడు, జిల్లేడు, తంగేడు. తెలుగులో చెట్ల పేర్లు కొన్ని ఇలా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. మరో మాటకు ముందు చేరేటప్పుడు ఇవన్నీ ఒకే తీరుగా మారతాయి: నేరేటి పండు, మారేటి దళం, జిల్లేటి పాలు, తంగేటి పువ్వు. పాత నిఘంటువుల్లో తంగెడు అన్న రూపం కూడా ఉంది. కన్నడంలో దీన్ని తంగడి అనీ ఆవరికె అనీ, తమిళంలో ఆవారం అనీ, మరాఠీలో తర్వడ్ అనీ, సింహళంలో రణవరా అనీ అంటారు. సంస్కృతంలో ఆవర్తకి అన్న పేరుతో పాటు చర్మరంగ అన్న పేరూ ఉంది. తోలుకు రంగు పట్టించేది అన్న ఆ రెండో పేరులోనే ఈ మొక్క చేసిన ప్రధానమైన పని దాగి ఉంది.

తెలుగులో తంగేడు పేరు మోసే మొక్కలు మరికొన్ని ఉన్నాయి. సునాముఖిని నేలతంగేడు అంటారు. రోడ్ల పక్కన నీడ కోసం పెంచే సెన్నా సయామియా చెట్టు సీమ తంగేడు. ఈ రెండూ తంగేడుకు దగ్గరి చుట్టాలే. అడవుల్లో గట్టి కలపనిచ్చే కొండ తంగేడు మాత్రం వేరే ప్రజాతికి చెందిన వృక్షం.

శ్రమ పడకుండా చేతికందే మంచి వస్తువును తెలుగులో తంగేటి జున్ను అంటారు. ఇక్కడ జున్ను అంటే పాలతో చేసేది కాదు, తేనెపట్టు. జుంటి తేనె, జుంటీగ అన్న మాటలు ఆ జున్ను నుంచి వచ్చినవే. చిన్న తేనెటీగలు పెద్ద చెట్లను వెతుక్కోకుండా మనిషి నడుమెత్తు పొదల్లోనే పట్టు పెడతాయి. మర్రిచెట్టు చిటారు కొమ్మన వేలాడే పెద్ద పట్టును దింపాలంటే తాళ్లు కావాలి, పొగ కావాలి, గుండె ధైర్యం కావాలి. తంగేటి పొదలోని పట్టుకు వంగి చేయి చాపితే చాలు. పొలం గట్ల మీద తిరిగినవారు కళ్లతో చూసి పుట్టించిన మాట ఇది.

వర్గీకరణ

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు. ఆరిక్యులేటా అంటే చెవి వంటిది అని అర్థం. ఆకు కాడ మొదట్లో, కొమ్మను పట్టుకుని ఉండే చెవి తమ్మె లాంటి చిన్న రెక్కలను బట్టి ఆ పేరు వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన విలియం రాక్స్‌బర్గ్ దీన్ని సెన్నా ప్రజాతిలో చేర్చాడు. ఆయన మరణానంతరం 1832లో అచ్చయిన 'ఫ్లోరా ఇండికా'లో ఈ పేరు కనిపిస్తుంది. తరువాత చాలాకాలం వృక్షశాస్త్రజ్ఞులు పాత పేరునే వాడారు. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కాసియా అనే పెద్ద గుంపును మూడు ప్రజాతులుగా విడదీశాక రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు మళ్లీ నిలబడింది. మందుల పుస్తకాల్లో, తోలు పరిశ్రమ రచనల్లో ఇప్పటికీ కాసియా అన్న పేరు కనిపిస్తుంది. రెండూ ఒకే మొక్క.

పసుపు గొలుసుల్లా పూలు వేలాడే రేల చెట్టు కాసియా ప్రజాతిలోనే మిగిలింది. కసివింద, తగిరిస తంగేడుతో పాటు సెన్నాలోకి వచ్చాయి.

రూపం

తంగేడు సాధారణంగా మనిషి నడుము నుంచి తల ఎత్తు వరకు పెరుగుతుంది. నరకకుండా వదిలేస్తే చిన్న చెట్టంత అవుతుంది. మొదలు దగ్గర నుంచే అనేక కొమ్మలు చీలి గుబురు కడుతుంది. బెరడు పలచగా, గోధుమ రంగులో ఉంటుంది. వేరు నిలువునా లోతుకు దిగుతుంది.

ఆకు సంయుక్త పత్రం. ఒక ఈనెకు రెండు వైపులా 8 నుంచి 12 జతల చిన్న పత్రకాలు ఎదురెదురుగా అమరి ఉంటాయి. ఒక్కో పత్రకం రెండు, రెండున్నర సెంటీమీటర్ల పొడవుతో కోలగా ఉండి, కొసన చిన్న ముల్లులాంటి మొన తేలి ఉంటుంది. ప్రతి జత మధ్య నిటారుగా నిలబడ్డ సన్నని గ్రంథి ఒకటి కనిపిస్తుంది. సెన్నా ప్రజాతిలో ఇలాంటి గ్రంథులు తీపి ద్రవాన్ని స్రవించి చీమలను రప్పించుకుంటాయి. కాడ మొదట్లో చెవి ఆకారపు పత్రపుచ్ఛాలు రాలిపోకుండా నిలిచి ఉంటాయి. పువ్వు లేని కాలంలో కూడా తంగేడును గుర్తుపట్టడానికి ఈ చెవులు, ఈ నిలువు గ్రంథులు చాలు.

కాయ పలచని బద్ద. 7 నుంచి 11 సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. ఒక్కో కాయలో 12 నుంచి 20 గింజలు ఉంటాయి. గింజకూ గింజకూ మధ్య కాయ నొక్కుకుపోయి అలలు అలలుగా కనిపిస్తుంది. ఎండిన కాయలు కాగితంలా తేలికై, గాలి వీచినప్పుడు గలగలమంటాయి.

పువ్వు, తుమ్మెద

కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పూసే తంగేటి పువ్వు విప్పారితే దాదాపు 5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆకర్షణ పత్రాలు ఐదు. అంచులు కుచ్చిళ్లు పెట్టినట్టు నలిగి ఉంటాయి. పసుపు మీద సన్నని నారింజ రంగు ఈనెలు పరుచుకుని ఉంటాయి. దగ్గరకు వంగి చూస్తే లోపల కేసరాలు పది కనిపిస్తాయి, కానీ పదీ ఒక్కలా ఉండవు. పైన ఉన్న మూడు పొట్టివి, పుప్పొడి లేనివి. మధ్యవి ఒక మోస్తరువి. కిందివి పొడవుగా, వంపు తిరిగి బయటకు చాచి ఉంటాయి. అండాశయం నుంచి వచ్చే కీలం పువ్వు నట్టనడుమ నిలవదు. ఒక పువ్వులో కుడివైపుకు, మరో పువ్వులో ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది.

ఈ అమరిక ఎందుకో తెలియాలంటే పొద దగ్గర కాసేపు నిలబడాలి. నల్లగా మెరిసే గండుతుమ్మెద ఒకటి వచ్చి పువ్వు మీద వాలుతుంది. మధ్య కేసరాలను కాళ్లతో పట్టుకుని, రెక్కలు కదపకుండానే ఒళ్లంతా ఝుమ్మని అదురుతుంది. తంగేటి పరాగకోశాలు నిలువునా పగలవు, కొసన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. ఉప్పు డబ్బా మూతలోంచి ఉప్పు రాలినట్టు, ఆ అదురుకే పుప్పొడి రంధ్రంలోంచి బయటకు చిమ్ముతుంది. మధ్య కేసరాల పుప్పొడిని తుమ్మెద తన పిల్లల తిండికి పోగు చేసుకుంటుంది. అదే సమయంలో పొడవైన కింది కేసరాల పుప్పొడి దాని పక్కకు, వీపుకు అంటుకుంటుంది. ఒరిగి ఉన్న కీలం కొస ఆ అంటుకున్న చోటనే తగులుతుంది. అలా ఒక పువ్వు పుప్పొడి మరో పువ్వును చేరుతుంది. తుమ్మెదకు పెట్టే కేసరాలు కొన్ని, సంతానానికి దాచుకునే కేసరాలు కొన్ని. ఒకే పువ్వులో ఈ పంపకం జరుగుతుంది.

తంగేటి పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి మాత్రమే అది ఇచ్చే కూలి. తంగేటి జున్నులోని తీపి ఊరంతటి పూల నుంచి వచ్చింది. తంగేడు దానికి కొమ్మనూ నీడనూ ఇస్తుంది. ఈ మొక్క ఆకుల మీద మరో ప్రాణీ బతుకుతుంది. కాటాప్సిలియా ప్రజాతికి చెందిన లేత పసుపు, తెలుపు సీతాకోకచిలుకలు తంగేడు, రేల వంటి మొక్కల లేత ఆకుల మీద గుడ్లు పెడతాయి. వాటి పచ్చని గొంగళిపురుగులు ఈ ఆకులు తినే పెరుగుతాయి.

బనగానపల్లె గుట్టల్లో

తంగేడు ఎలాంటి నేలను కోరుకుంటుందో చూడాలంటే బనగానపల్లె చుట్టుపక్కల ప్రాంతం మంచి పాఠం. ఒకప్పుడు నవాబుల సంస్థానంగా ఉండి 1948లో కర్నూలు జిల్లాలో కలిసిన ఈ ఊరు 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. బయటి ప్రపంచానికి ఇది మామిడిపండు పేరు. భూగర్భ శాస్త్రజ్ఞులకు ఒక రాతి పొర పేరు. కర్నూలు శిలా సముదాయంలో అడుగున ఉండే, వజ్రాలు దొరికిన గులకరాతి పొరతో కూడిన ఇసుకరాతి వరుసను బనగానపల్లె క్వార్ట్‌జైట్ అనే పిలుస్తారు. దాని పైన సున్నపురాయి పలకలు దొంతర్లుగా పరుచుకుని ఉన్నాయి. బేతంచెర్ల నుంచి కొలిమిగుండ్ల దాకా ఇళ్లలో నేలకు పరిచే నాపరాయి ఈ పొరల నుంచే వస్తుంది. బెలుం గుహలు ఈ సున్నపురాయిని నీరు కరిగించగా ఏర్పడినవే.

ఇలాంటి చోట మట్టి పొర చాలా పలచన. ఎర్రమల కొండల వాలు మీద జానెడు మట్టి కింద పలక తగులుతుంది. ఏడాదిలో పడే వాన 700 మిల్లీమీటర్లకు లోపే, అదీ ఎక్కువ భాగం జూన్, అక్టోబరు నెలల మధ్యనే కురుస్తుంది. కురిసిన వాన వాలు మీద నిలవదు, వాగుల్లో పడి కుందూ వైపు పోతుంది. పైన నిలవని నీరు రాతి పలకల మధ్య సందుల్లోకి మాత్రం దిగుతుంది. తంగేటి వేరు వెతికేది ఆ సందులనే. పలక పగిలిన చోట, పొలం గట్టు రాళ్ల మధ్య, నాపరాయి గనుల పక్కన పోసిన ముక్కరాళ్ల కుప్పల మీద పొద నిలదొక్కుకుంటుంది.

పశువు దీన్ని ముట్టదు. రాయలసీమ గొర్రెలు, మేకలు రేగు ముళ్లను కూడా విడిచిపెట్టవు, కానీ తంగేటి ఆకు జోలికి పోవు. మేత మొక్కలన్నీ పోయిన గుట్ట మీద తంగేడు, బందారు, కలబంద మిగలడానికి ఇదే కారణం. కొమ్మ నరికితే మొదలు నుంచి రెట్టింపు చిగుళ్లు వేస్తుంది. గింజల పొట్టు గట్టిది, నీటిని త్వరగా లోపలికి రానివ్వదు. అందువల్ల ఒక వానకే గింజలన్నీ మొలిచి, ఆ తరువాత వచ్చే ఎండకు మాడిపోయే ప్రమాదం తప్పుతుంది. కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు మొలుస్తాయి. నర్సరీల్లో పెంచేవారు గింజలను వేడినీళ్లలో నానబెట్టి ఈ పొట్టును మెత్తబరుస్తారు.

ఏడాది పొడవునా అక్కడో పువ్వు ఇక్కడో పువ్వు ఉన్నా, తంగేడు విరగబూసేది వానాకాలం చివర నుంచి శీతాకాలం వరకు. యాగంటికి వెళ్లే దారిలో, రవ్వలకొండ వాలు మీద ఆ నెలల్లో రాయి కంటే పువ్వే ముందు కంటపడుతుంది.

మంచు తాగే పువ్వు, రాతి పువ్వు

కరువు నేలలో పూసే పసుపు పువ్వులు ప్రపంచంలో మరికొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని కథ తంగేడును అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. పెరూ దేశ రాజధాని లిమా ఎడారి తీరాన ఉంది. అక్కడ ఏడాదికి 20 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. కానీ పక్కనే ఉన్న చల్లని సముద్ర ప్రవాహం వల్ల శీతాకాలంలో దట్టమైన పొగమంచు తీరపు కొండల మీదికి ఎక్కి వస్తుంది. ఆ మంచు తడికే కొండలు కొద్ది నెలలు పచ్చబడతాయి. ఈ పొగమంచు కొండల తోటలను అక్కడ లోమాస్ అంటారు. వాటి మీద జూన్, జూలై నెలల్లో కొద్ది వారాలు పూసే పసుపు పువ్వు అమన్‌కాయెస్. మిగతా ఏడాదంతా అది నేలలో గడ్డగా నిద్రపోతుంది.

లిమా ప్రజలు శతాబ్దాల పాటు జూన్ 24న ఆ పూల మైదానానికి పాటలతో, ఆటలతో వెళ్లి పండుగ చేసుకున్నారు. ఆ పువ్వు నగరానికే గుర్తు అయింది. నగరం పెరిగి ఆ మైదానం మీదికి ఇళ్లు ఎక్కాక పువ్వు అక్కడి నుంచి మాయమైంది. ఇప్పుడు పచకామక్ వంటి కొన్ని లోమాస్ కొండల్లో కాపాడుకుంటే మిగిలింది.

రెండు పువ్వుల బతుకుతెరువులు పూర్తిగా వేరు. అమన్‌కాయెస్‌కు నీరు గాలిలోంచి వస్తుంది, తంగేడుకు రాతి సందులోంచి వస్తుంది. అది గడ్డలో దాక్కుని ఎండను తప్పించుకుంటుంది, ఇది ఆకుతోనే నిలబడి ఎండను ఓర్చుకుంటుంది. అయినా మనుషులతో వాటి సంబంధం ఒకే రకం. వాన కరువైన చోట ఎదురుచూడకుండా పూసిన పువ్వును జనం పండుగ చేసుకున్నారు. ఎప్పుడూ ఉంటుందిలే అనుకున్న కొండవాలును మాత్రం కాపాడుకోలేకపోయారు. లిమా నేర్చిన పాఠం మనకు ముందుగానే అందుబాటులో ఉంది.

లందలో తంగేడు చెక్క

తంగేటి బెరడులో 15 నుంచి 20 శాతం వరకు టానిన్ ఉంటుంది. పచ్చి తోలును కుళ్లనివ్వకుండా తోలు వస్తువుగా మార్చే పదార్థం ఇదే. ఊరూరా తోలు పని చేసిన మాదిగల చేతుల్లో ఈ జ్ఞానం తరతరాలుగా పెరిగింది. కొమ్మలు నరికి, కర్రతో మోది, చెక్కను ఊడదీసి ఎండబెడతారు. దాన్ని దంచి నీళ్లలో వేసి, సున్నంతో వెంట్రుకలు తీసిన తోళ్లను ఆ నీటిలో నానబెడతారు. తోళ్లు నానే తొట్టిని లంద అంటారు. రోజులు గడిచేకొద్దీ పాత చెక్క తీసి కొత్త చెక్క వేస్తూ పోతే టానిన్ తోలు లోపలి వరకు ఎక్కుతుంది. మోట బావి నుంచి నీరు తోడిన తోలు బానలు, కాడికి కట్టిన పలుపులు, కాలి చెప్పులు అన్నీ ఈ లందల నుంచే వచ్చాయి. రాయలసీమ మెట్ట సేద్యాన్ని బావి నీటితో నిలబెట్టిన ఆ మోటల వెనుక తంగేడు చెక్క ఉంది, ఆ చెక్కతో తోలును మలిచిన చేతులున్నాయి. ఆ చేతులను సమాజం ఊరి బయట ఉంచింది. వారి పనితనం లేకుండా మాత్రం ఊరికి ఒక్కరోజు గడవలేదు.

19వ శతాబ్దం మధ్య నుంచి మద్రాసు ప్రాంతపు తోలు సముద్రాలు దాటింది. తంగేడు చెక్కతో పదును పెట్టిన తోలు లేత రంగులో, మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది. దానికి ఒక్కటే లోపం: వెలుతురు తగిలితే ఎర్రబారుతుంది. చివర్లో కరక్కాయ నీటిలో ముంచితే ఆ లోపం పోతుందని కనుగొన్నాక ఎగుమతికి దారి తెరుచుకుంది. బ్రిటన్‌లో ఈ తోలుకు ఈస్టిండియా కిప్స్ అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్ల పైభాగానికి దీన్ని పెద్ద ఎత్తున వాడారు. గుట్టల మీద పసుపు పూలు పూసిన కొమ్మల చెక్క ఐరోపా కందకాల్లో నడిచిన బూట్ల దాకా వెళ్లింది.

20వ శతాబ్దంలో రెండు మార్పులు తంగేడును లందలోంచి తప్పించాయి. క్రోమియం లవణాలతో తోలును గంటల్లో, రోజుల్లో పదును పెట్టే పద్ధతి వచ్చింది. దానితో పాటు టానిన్ ఎక్కువగా ఉండే వాటిల్ చెక్క దక్షిణాఫ్రికా నుంచీ, తరువాత నీలగిరి తోటల నుంచీ చవకగా దొరికింది. 1948లో మద్రాసులో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఈ మార్పుల మధ్యే ఎదిగింది. ఆ సంస్థను తీర్చిదిద్దిన యలవర్తి నాయుడమ్మ తెలుగువారు. క్రోమియం వ్యర్థాల వల్ల నీరు, నేల కలుషితమవుతున్న నేటి కాలంలో మొక్కల చెక్కతో తోలు పదును పెట్టే పాత విద్యకు మళ్లీ విలువ పెరుగుతోంది.

సేద్యంలో

రైతుకు తంగేడు పచ్చిరొట్ట ఎరువు. వరి నాట్లకు ముందు గుట్టల మీద కొమ్మలు కోసి, బండ్ల మీద తెచ్చి, దమ్ము చేసిన మడిలో తొక్కేవారు. యూరియా బస్తా రాకముందు చెరువుల కింది ఆయకట్టుకు ఇది ఖర్చు లేని బలం. చిక్కుడు కుటుంబంలోని చాలా మొక్కల్లా కాకుండా సెన్నా ప్రజాతి మొక్కలు సాధారణంగా వేళ్లకు నత్రజని బుడిపెలు కట్టవు. తంగేడు తన లోతైన వేరుతో అడుగు పొరల్లోని పోషకాలను పైకి లాగి ఆకులో నింపుతుంది. ఆ ఆకు కుళ్లినప్పుడు మడికి అందే సారం అదే.

కోతకు గురైన వాలును కట్టి ఉంచడానికి తంగేడు బాగా పనికొస్తుంది. గుబురు కొమ్మలు వాన చినుకు దెబ్బను ఆపుతాయి, వేళ్లు మట్టిని పట్టుకుంటాయి, రాలిన ఆకు పలక మీద కొత్త మట్టిగా మారుతుంది. పశువులు తినవు కాబట్టి కంచె కట్టనక్కర్లేదు. పొద నీడలో తేమ నిలిచి గడ్డి, తరువాత రేగు, బలుసు వంటివి మొలవడానికి వీలు కలుగుతుంది. బోడి గుట్టను మళ్లీ పచ్చబరచాలనుకునేవారికి తంగేడు మొదటి మెట్టు.

మందు, తిండి

పల్లెల్లో తంగేటి పుల్ల వేప పుల్లతో సమానంగా పళ్లు తోమడానికి వాడారు. చెక్కలోని వగరు చిగుళ్లను బిగిస్తుందని నమ్మకం. ఆయుర్వేదంలో, సిద్ధ వైద్యంలో వేరు, చెక్క, ఆకు, పువ్వు, గింజ ఐదింటికీ స్థానం ఉంది. మూత్ర వ్యాధులకు, మధుమేహానికి, ఒంటి వేడికి, కంటి జబ్బులకు తంగేడు మందుగా చెప్పారు. తమిళనాడులో పూలను పప్పులో వేసి వండుతారు, ఎండబెట్టిన పూల పొడిని సున్నిపిండిలో కలుపుతారు. శ్రీలంకలో రణవరా పూల కషాయం టీలాగా తాగే అలవాటు పాతది.

ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో పూల సారం రక్తంలో చక్కెరను తగ్గించినట్టు అనేక పరిశోధనలు చెప్పాయి. ఇవి మనుషుల చికిత్సకు నేరుగా వర్తించే ఫలితాలు కావు. మరోవైపు 1981లో శ్రీలంక శాస్త్రవేత్తలు తమ దేశపు మందు మొక్కలను పరీక్షించినప్పుడు, కాలేయానికి హాని చేయగల పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉన్న వాటిలో తంగేడు కూడా ఉందని తేలింది. అప్పుడప్పుడు తాగే కషాయం వేరు, రోజూ నెలల తరబడి తాగడం వేరు. మధుమేహానికి వైద్యుడు ఇచ్చిన మందు మానేసి తంగేటి పూల నీళ్ల మీద ఆధారపడటం ప్రమాదకరం. ఈ మొక్క మీద ప్రేమ ఉన్నవారు ఈ మాటను ఇంకా గట్టిగా చెప్పాలి.

పండుగల్లో

తెలంగాణలో భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిది రోజులు సాగే బతుకమ్మకు తంగేడు లేకుండా పని జరగదు. పళ్లెంలో గుండ్రంగా గునుగు, తంగేడు వరుసలు పేర్చుకుంటూ గోపురంలా లేపుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పొదలు నిండుగా పూసి ఉంటాయి. గుడి తోటలో పెంచిన పువ్వు కాకుండా, బీట్లోకి వెళ్లి పిల్లలు కోసుకొచ్చిన పువ్వే గౌరమ్మ కావడం ఆ పండుగ గొప్పదనం. తమిళనాడులోని కొంగు ప్రాంతంలో సంక్రాంతికి ముందు వేపాకు, ఆవారం పూల రెమ్మలను కలిపి ఇంటి చూరుకు కడతారు. ఆవారం పూసిన చోట చావుకు తావులేదన్న అర్థంలో తమిళంలో ఒక సామెత ఉంది.

కృష్ణ దాటి దక్షిణానికి వస్తే తంగేడుకు ఇంత పెద్ద పండుగ లేదు. రాయలసీమలో అది చెక్కగా, రొట్టగా, పుల్లగా, పొయ్యిలో కట్టెగా రోజువారీ పనుల్లో కలిసిపోయింది. ఒక ఒడ్డున దేవత, ఇంకో ఒడ్డున ఇంటి మనిషి. ఇంటి మనిషి చేసే చాకిరీని మనం చివరిదాకా గుర్తించం. తంగేడు విషయంలోనూ అదే జరుగుతోంది.

నేటి స్థితి

తంగేడు అరుదైన మొక్క కాదు, అంతరించే జాబితాల్లో చేరే మొక్క కూడా కాదు. అయితే అది నిలబడ్డ చోటు తగ్గుతోంది. ఒక కారణం సర్కారు తుమ్మ. బయటి నుంచి వచ్చిన ఈ ముళ్లచెట్టు చెరువు శిఖాలను, బీళ్లను కమ్మేసి కింద మరో మొక్కను ఎదగనివ్వదు. వయ్యారిభామ కలుపు బాట పక్కలను ఆక్రమించింది. గట్ల మీద కలుపుమందు కొట్టడం పెరగడంతో పొలానికీ పొలానికీ మధ్య ఉండే తంగేటి వరుసలు పలచబడ్డాయి. నాపరాయి తవ్వకాలు వాలు మీది మట్టినే తీసేస్తున్నాయి.

రాతి నేలల లెక్క కూడా మారింది. పాణ్యం, ఓర్వకల్లు, గడివేముల మండలాల పరిధిలో 2017లో ఉత్పత్తి మొదలుపెట్టిన 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు దాదాపు 24 చదరపు కిలోమీటర్లలో పరుచుకుని ఉంది. ఎండనూ బోడి నేలనూ సంపదగా మార్చిన ఇలాంటి పథకాలు దేశానికి అవసరమే. కానీ కాగితం మీద బంజరు అని రాసిన నేలంతా ఖాళీ నేల కాదు. అందులో తంగేడు ఉంది, దాని మీద తుమ్మెద ఉంది, ఆకు మీద గొంగళిపురుగు ఉంది, పొదలో తేనెపట్టు ఉంది, పొద కింద రేపటి మట్టి తయారవుతోంది.

చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. గని మూసేశాక ముక్కరాళ్ల కుప్పల మీద వానకు ముందు తంగేటి గింజలు చల్లవచ్చు. సౌర పలకల వరుసల వెలుపల, రోడ్ల అంచున, చెరువు కట్టల వాలు మీద సర్కారు తుమ్మకు బదులు దీన్ని పెంచవచ్చు. గట్టు మీది నాలుగు పొదలను మందు కొట్టకుండా వదిలేస్తే పొలంలోని కంది, దోస, కాకర పూలకు కావలసిన తుమ్మెదలకూ తేనెటీగలకూ ఏడాది పొడవునా ఆసరా ఉంటుంది. తంగేటి జున్ను తేలిగ్గా దొరుకుతుంది. ఆ పట్టు పెట్టడానికి ఒక పొద నిలబడి ఉంటే చాలు.